చెడ్డ ఉదాహరణలో ఎవరి పేరు

2022లో నేను వనపర్తిలో ఒక ఎరువుల దుకాణం మీది గదిలో పోటీ పరీక్షలకు ఇంగ్లీషు చెబుతుండేవాడిని. ఇప్పటికీ అక్కడే చెబుతున్నాను, కాకపోతే వారానికి కొన్ని రోజులే. గదిలో ఎప్పుడూ పురుగుమందుల వాసన. కొత్తగా వచ్చినవాళ్ళు మొదటి వారం ముక్కు మూసుకుని కూర్చుంటారు, తర్వాత అలవాటుపడతారు. నా దగ్గరికి వచ్చేది ఎక్కువగా డిస్క్రిప్టివ్ పేపర్ కోసం. అంటే టిక్కు పెట్టే ప్రశ్నలు కాకుండా సొంతంగా వ్యాసాలు రాయాల్సిన పేపరు. తెలుగు మీడియంలో చదివినవాళ్ళకు అది కొరకరాని కొయ్య.

ఆ పేపర్లో నేను గట్టిగా పట్టుబట్టేది ఉదాహరణ దగ్గరే. ఒక మాట అన్నాక దానికి ఆధారం చూపించాలి. "ఫర్ ఎగ్జాంపుల్" అని మొదలుపెడితే కామా పెట్టి, పూర్తి వాక్యం రాయాలి. "సచ్ యాజ్" వెనక పేర్లు వస్తాయి, వాటి చివర ఎట్సెట్రా తగిలించకూడదు. ఇవి నాలుగు రోజుల్లో వచ్చేస్తాయి. రానిది అసలు ఉదాహరణే. "ఫర్ ఎగ్జాంపుల్, సమ్ పీపుల్" అని రాసి చేతులు దులుపుకుంటారు. కట్టలు కట్టలు దిద్దే మనిషికి ఆ కొందరెవరో ఎందుకు పట్టాలి? మనిషికి పేరు పెట్టు, ఊరు పెట్టు, ఏం జరిగిందో ఒక్క వాక్యంలో చెప్పు. ఇదీ నా పద్ధతి. మార్కులు కూడా దానికే పడేవి.

చిక్కల్లా చెడ్డ ఉదాహరణల దగ్గర వచ్చేది. తాగుడు, రోడ్డు ప్రమాదాలు, రోగాలు, కరువు, వ్యాసాల్లో సగం ఇవే. మన వైపు బతికున్న మనిషి పేరు పెట్టి కీడు మాట అనరు. పక్కింటివాడికి దెబ్బ ఎక్కడ తగిలిందో చెబుతూ తన కాలు మీద చెయ్యి పెట్టి చూపిస్తే, పెద్దవాళ్ళు ఆ చెయ్యి తీసేయిస్తారు. తథాస్తు దేవతలు తిరుగుతుంటారని భయం. ఉదాహరణకు రమేశ్ బండి మీది నుంచి పడ్డాడు అని బోర్డు మీద రాస్తే, తరగతిలోని రమేశ్ ఆ పూటంతా మొహం మాడ్చుకునేవాడు. విసిగిపోయి, చెడ్డవన్నీ నా పేరు మీద రాసుకోండి అన్నాను. వాళ్ళు మొహమాటపడలేదు. ఆ ఏడాది నేను తాగి ఉద్యోగం పోగొట్టుకున్నాను, హెల్మెట్ లేకుండా కొత్తకోట రోడ్డు మీద పడ్డాను, జూరాల డ్యాంలో ఈతకు దిగి కొట్టుకుపోయాను. నా భార్య ఆ పేపర్లు చదివి ఒక్కసారి కూడా నవ్వలేదు.

శివలీల ఒక్కతే నా పేరు రాయలేదు. ఆత్మకూరు పక్కన ఒక పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేది. తండ్రి లేడు. తల్లీ కూతుళ్ళిద్దరూ గద్వాల వైపు పత్తి విత్తనం చేలలో కూలికి పోయేవాళ్ళు. ఆ చేలలో మగ పువ్వు పుప్పొడిని ఆడ పువ్వుకు చేత్తోనే అద్దాలి, పువ్వు పువ్వుకూ వంగాలి. తల్లి ఆమెను ఒక్క ఏడాది ఆ పని నుంచి విడిచిపెట్టింది. ఉద్యోగం వస్తే సరే, రాకుంటే మళ్ళీ చేలకే. వస్తుందని నాకు నమ్మకం ఉండేది. తప్పులు దొర్లినా చెప్పదలచుకున్నది సూటిగా చెప్పే పిల్ల.

చెడ్డ ఉదాహరణ వచ్చేసరికి మాత్రం "ఎ మ్యాన్" అని రాసి ఊరుకునేది. లేని పేరు ఏదో ఒకటి పుట్టించి రాయమన్నాను.

"ఆ పేరున్నోళ్లు ఎక్కడనో ఒక్కాడ ఉంటరు గద సార్" అంది.

నాకు కోపం వచ్చింది. సగం మార్కులు కోశాను. అందరూ నా పేరు రాస్తుంటే నీకేమొచ్చింది, ఇట్లా రాస్తే ఉద్యోగం ఇంకొకరికి పోతుందని గట్టిగానే చెప్పాను. తర్వాత నీళ్ళూ ఆరోగ్యమూ అనే వ్యాసం ఇస్తే, మొదటిసారి నా పేరు రాసింది. మా సారు పొద్దంతా పాఠం చెబుతూ నీళ్ళు తాగరు, అందుకే ఆయన కిడ్నీలు చెడిపోయాయి అని. కామా, పేరు, ఊరు అన్నీ కుదిరాయి. తరగతిలో చదివి వినిపించి మెచ్చుకున్నాను.

నా కిడ్నీలు అప్పటికే బాగాలేవు. బీపీ ఎప్పటినుంచో ఉంది. క్రియాటినిన్ ఎక్కువగా వస్తోందని డాక్టరు ముందే హెచ్చరించాడు. కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష అది. పిల్లలెవరికీ చెప్పలేదు. వానలు వెనకపట్టే వేళకు కాళ్ళు వాచి, ఊపిరందక దవాఖానలో పడ్డాను. డయాలసిస్ మొదలుపెట్టారు. పిల్లలందరూ చూడడానికి వచ్చారు, శివలీల రాలేదు. నేను కోలుకుని గదికి వెళ్ళేసరికి ఆమె తరగతికి రావడమే మానేసింది. ఆమెతో ఒకే బస్సులో వచ్చే అమ్మాయిని అడిగితే, పరీక్ష రాయదట, వాళ్ళమ్మతో గద్వాలకు పోతుందట అని చెప్పింది.

ఆదివారం ఆత్మకూరు బస్సెక్కాను. తల్లి వాకిట్లో కుర్చీ వేసింది. బిడ్డ అన్నం సరిగ్గా తింటలేదని, ఏమైందో చెప్పదని బాధపడింది. శివలీల బయటికి వచ్చి గడప దగ్గరే నిలబడింది. నా మొహం చూడలేదు.

"నేను రాసినందుకే మీకు గిట్లయింది సార్."

పాత రిపోర్టుల సంగతి చెప్పాను. నువ్వు రాయకముందే వచ్చిన రోగం ఇది, రాసిందల్లా నిజమయ్యేటట్టయితే నేను జూరాలలో ఎప్పుడో పోయేవాడిని అన్నాను. ఆమె నవ్వలేదు.

"మీ మాట నమ్మాలనే ఉంది సార్. పానం ఒప్పుకుంటలేదు."

చాలాసేపు బతిమాలాను. నువ్వు పరీక్ష రాయకపోతే ఆ దిగులు కూడా నా రోగానికి తోడవుతుందన్నాక ఒప్పుకుంది. పేర్లు లేకుండానే రాయి, మార్కులు తగ్గితే తగ్గనీ అని నేనే చెప్పాను. నా వృత్తిలో అంతకుముందు ఎవరికీ ఆ సలహా ఇవ్వలేదు.

పరీక్ష రాసింది. బాగా రాశానని కబురు కూడా పంపింది. ఫలితాలు వచ్చిన రోజు ఆమె నంబరు ఎదురుగా పేపరు చెల్లదని ఉంది. ఇట్లాంటి పరీక్షల్లో జవాబు పుస్తకం లోపల రాసినవాళ్ళ పేరు గానీ ఊరు గానీ ఉండకూడదు. ఎవరి పేపరో దిద్దేవాళ్ళకు తెలియకూడదని ఆ నియమం. అట్ట మీదే అచ్చేసి ఉంటుంది.

మర్నాడు శివలీల గదికి వచ్చింది. తరగతి అయిపోయి, నేనొక్కడినే ఉన్నాను. ఏం రాశావమ్మా అని అడిగాను. పల్లెల్లో చదువు ఎందుకు మధ్యలో ఆగిపోతోందో ఉదాహరణతో రాయమన్నారట. పేరు లేకుండా రాస్తే వాక్యం బోడిగా కనిపించిందట. అందుకని తన పేరూ తన ఊరూ పెట్టి, ఉదాహరణకు ఫలానా ఊరి శివలీల అనే నేను చదువు విడిచిపెట్టి పత్తి చేలకు కూలికి పోయాను అని రాసింది.

"పేరు రాయొద్దని అట్ట మీద సదివిన సార్. కని ఆ ముచ్చటల పెట్టేటందుకు నాకు ఇంకెవ్వరు దొరకలె."

నాకు దుఃఖం వచ్చింది. ఏడాదిపాటు పేరు పెట్టు, పేరు పెట్టు అని బోర్డు మీద కొట్టి కొట్టి చెప్పింది నేనే. ఆమె కళ్ళలో నీళ్ళు లేవు. నా చేతికి వేసిన పట్టీ వైపు చూసింది. ఆ పొద్దునే డయాలసిస్ చేయించుకుని వచ్చాను.

"ఇప్పుడు పానం ఎట్లుంది సార్?"

మంచిగనే ఉంది బిడ్డా అన్నాను. అది అబద్ధం.

"గంతే చాలు సార్. ఆ కీడు నా మీదికొచ్చి మిమ్ములను ఇడిసిపెట్టింది."

ఆమె రాసిన వాక్యం రాసినట్టే జరిగింది. ఆ నెలలోనే తల్లితో గద్వాల వైపు పోయింది. మళ్ళీ పరీక్ష ఫీజు కట్టలేదని విన్నాను.

ఇప్పుడు అట్ట మీది నియమం మొదటి రోజే చెబుతాను. చెడ్డ ఉదాహరణలో ఎవరైనా పేరు రాయకపోతే మార్కులు కోయను. మిగతా పద్ధతంతా మునుపటిదే. ఉదాహరణను ఎట్లా మొదలుపెట్టాలో ఇన్నేళ్ళుగా ఎందరికో నేర్పాను. అందులో ఎవరిని నిలబెట్టాలో మాత్రం శివలీలకు నేను సరిగ్గా చెప్పలేకపోయాను. ఇంకెవరూ దొరక్క తనే వెళ్ళి నిలబడింది.