తూర్పు వైపు మొదటి ముద్ద

మా మేనమామ మొన్న శుక్రవారం పొద్దున్న పాలకొల్లులో పోయారు. కబురు తెచ్చిన ఆయన కొట్టు గుమాస్తా గుమ్మంలోనే నిలబడి, "పెద్దాయన పోయారండి. మోసేవాళ్ల సంగతే ఇంకా తేలలేదండి" అన్నాడు. చావు కబురుకి ఇలాంటి తోక తగిలించే ఊరు మనది. నేను రాస్తున్నది ఆ తోక గురించే.

వయసులో ఉండగా ఆయన లెక్కలు రాసే పనికి కోరంగిలో సరుకుల ఓడెక్కారు. రంగూన్‌లో దొరల ఓడకి మారి ఇంకా తూర్పుకి పోయారు. అక్కడి మహాసముద్రంలో ఓడ రాళ్లకి తగిలి పగిలింది. ఆయనా కొందరు ఖలాసీలూ ఈదుకుంటూ ఒక దీవికి చేరారు. వేరే ఓడ వచ్చి ఎక్కించుకునేదాకా అక్కడే బతికారు.

నేను రాజమండ్రిలో చదువుకునేటప్పుడు సెలవులకొచ్చి ఒక ఇంగ్లీషు కథ చదివి చెప్పాను. ఒక దొర మనుషుల్లేని దీవిలో పడి, ఒంటిచేత్తో ఇల్లు కట్టుకుని, కొబ్బరితోటలో కాయలు కొట్టుకుని బతికిన కథ. మావయ్య పొట్ట పట్టుకుని నవ్వారు.

"మనుషుల్లేరా? మరి తోట ఎవడు వేశాడ్రా?"

"దానంతటదే మొలిచిందేమో మావయ్యా."

"ఒకటీ అరా అయితే కొట్టుకొచ్చి మొలుస్తుంది. తోటకి తోట మొలుస్తుందా? ఆ ముక్క కోనసీమ వెళ్లి అను, తంతారు. ఆ దీవులవాళ్ల తాతలు చుక్కలు చూసుకుంటూ, జోడు పడవల్లో కొబ్బరికాయలూ చేమపిలకలూ వేసుకుని దీవి దీవికీ కాపురాలు పెట్టార్రా. మీ దొర కోసుకుతిన్నది ఇంకొకడి తోట!"

"వాళ్లు మనుషుల్ని తింటారట కదా?"

"నన్ను తిన్నారా? ఈటెలు పట్టుకుని వచ్చిన మాట నిజమే. ఎందుకు రారు? అంతకు ముందొచ్చిన ఓడ వాళ్ల కుర్రాళ్లని చెరుకుతోటల పనికి ఎత్తుకుపోయింది. మన రేవుల్లో మారిషస్‌కి కూలీల్ని మాయమాటలు చెప్పి ఎక్కించలేదూ? అలాగే. ఒక ముసలమ్మ కొడుకూ అందులోనే పోయాడట. ఆవిడే నా చేతిలో కాల్చిన చేమదుంప పెట్టింది. మర్నాడు ఏం పెట్టిందో మీ అత్తయ్య వింటుండగా అడక్కు."

లోపల్నుంచి అత్తయ్య, "చేపే అయ్యుంటుంది, నాకు తెలుసులెండి!" అంది.

ఒంటరిగా బతికానని డబ్బా కొట్టుకునే దొర కథలో అన్నం పెట్టిన చెయ్యి ఉండదు, ఈటె పట్టిన చెయ్యి మాత్రం ఉంటుంది. అంతకు ముందొచ్చిన ఓడ అసలే ఉండదు. అయితే దొరల్ని తిట్టి సంబరపడకండి. మనం తక్కువేం తినలేదు.

ఆయన తిరిగొచ్చాక, సముద్రం దాటినందుకు కులపెద్దలు ప్రాయశ్చిత్తం అన్నారు. పంచగవ్యం తాగాలి, కాల్చిన బంగారపు తీగతో నాలుక అంటించుకోవాలి, తిన్నది పాపిష్టి కూడని నలుగురిలో ఒప్పుకోవాలి. "తాగుతానండి. నాలుకా కాల్చుకోండి. ఆ ముసలమ్మ పెట్టింది పాపిష్టిదని మాత్రం అననండి" అన్నారట.

అంతే. పెళ్లిలో పంక్తి లేదు, తద్దినానికి పిలుపు లేదు. ఇంట్లో తన వల్ల ఇంకెవరికీ మాట రాకూడదని ఆయనే అరుగు మీదికి మారారు. రోజూ తూర్పుకి తిరిగి కూచుని, మొదటి ముద్ద ఆకు అంచున పెట్టేవారు. "ఎవరికి మావయ్యా?" అంటే, "మీ ఇంకో అమ్మమ్మకిరా" అనేవారు. వడ్డిస్తూ అత్తయ్య సాధించేది: "ఒక్క మాట అనేస్తే మీ సొమ్మేం పోతుందండీ?" ఆయన మజ్జిగ పొయ్యమనేవారు.

శుక్రవారం పెద్దలు వాకిట్లోకి వచ్చారు. "ఆయన తరఫున నువ్వైనా ఆ మాట అనేసెయ్యమ్మా. మేం మోస్తాం" అన్నారు. అన్నేళ్లూ సాధించిన మనిషి కదా, అనేస్తుందనే నేననుకున్నాను.

అత్తయ్య కళ్లు తుడుచుకుంది. "ఆయన నోట రాని మాట నా నోట అనిపిస్తారా బాబూ? దారి వదలండి" అంది.

మావయ్యని నేనూ, గుమాస్తా, ఇద్దరు కాలవ పడవవాళ్లూ మోశాం. చాలా తేలిక మనిషి.

మర్నాడు అత్తయ్యని ఎలాగో అన్నానికి లేపాం. విస్తరి వంటింట్లో వేస్తే తీసుకుని అరుగు మీదికి వచ్చింది. ఆయన చోట, ఆయనలాగే తూర్పుకి తిరిగి కూచుంది. కాసేపు మెతుకులు కెలికింది. తర్వాత ఒక ముద్ద ఆకు అంచున పెట్టి, కాస్త ఆలోచించి, పక్కన ఇంకో ముద్ద పెట్టింది.