నక్కపిల్లల తగాదా

నిన్న గరాజ్‌లో అట్టపెట్టెలు జరుపుతుంటే, వాటి వెనక గోడకు ఆనించి ఉన్న, మట్టిలో లోహపు ముక్కలు వెతికే మెటల్ డిటెక్టర్ స్విచ్ నొక్కుకుపోయి 'కుయ్'మంది. బ్యాటరీలో ఇంకా ప్రాణం ఉంది. ఆ సన్నటి కూత వినగానే తడిమట్టి వాసన ముక్కుకు తగిలినట్టయింది. కాసేపు ఆ పెట్టెల మధ్యే కూర్చుండిపోయాను. ఆ డిటెక్టర్ ప్రభావతి ఆంటీది. ఆవిడ పోయి రెండేళ్లు కావస్తోంది. నాకు చుట్టం కాదు, చదువు చెప్పిన గురువూ కాదు. కానీ మనుషులతో ఎలా మసలుకోవాలో నలభై ఏళ్లు దాటాక నాకు నేర్పింది ఆవిడే.

ఆవిడ పరిచయమయ్యేనాటికి నా ఉద్యోగం పోయి మూడు నెలలైంది. నోవై ఊళ్లో కార్ల విడిభాగాల కంపెనీలో పదకొండేళ్లు పనిచేశాను. లేఆఫ్‌లో మా టీమ్‌లో నన్ను తీసేశారు, నా స్నేహితురాలు లతను ఉంచారు. ఆ కడుపుమంటతో ఒక బర్త్‌డే పార్టీలో, పదిమంది వింటుండగా, "నీ సీటు కాపాడుకోవడానికి నా పేరు ఇచ్చావు కదూ?" అని లతను అడిగేశాను. తన ముఖం పాలిపోయింది. ఆ తరవాత నేను ఎవరింటికీ వెళ్లలేదు. పొద్దున్నే మా ఆయన ఆఫీస్‌కి వెళ్లగానే పార్కులో నడక మొదలుపెట్టేదాన్ని, తెలుగువాళ్లెవరూ ఎదురుపడరని.

ఒకరోజు అక్కడ గడ్డిలో మోకాళ్ల మీద వంగిపోయి ఒక పెద్దావిడ కనిపించింది. పడిపోయిందనుకుని పరుగెత్తాను. "ఆర్ యూ ఓకే?" అంటే, చెవులకున్న హెడ్‌ఫోన్స్ తీసి నన్ను ఎగాదిగా చూసి, "పడలేదమ్మా, పావలా దొరికింది" అంది తెలుగులో. చేతిలో మట్టి పట్టిన క్వార్టర్ నాణెం. నా పేరు అడిగింది. ఆ తరవాత అందరూ అడిగే ప్రశ్న, ఎక్కడ పనిచేస్తున్నావని, అడుగుతుందని బిగుసుకుపోయాను. ఆవిడ అడిగింది వేరు: "నీ మోకాళ్లు బాగానే ఉన్నాయా? నావి అరిగిపోయాయి. శనివారం వచ్చావంటే తవ్విపెడుదువుగాని."

అలా వెళ్లాను. ఆంటీ ఒక హాస్పిటల్‌లో ముప్పై ఏళ్లు పెథాలజిస్టుగా చేసి రిటైరైంది. అంకుల్ పోయాక పక్క ఊరు ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక్కతే ఉండేది. డిటెక్టర్లు పట్టుకు తిరిగే ఎనిమిది మంది గుంపులో ఆవిడే పెద్ద. పొలాల యజమానుల దగ్గర అనుమతి తీసుకుని వెతికేవాళ్లు. దొరికేవి ఎక్కువగా సీసా మూతలు, మేకులు. ఎవరి గుంత వాళ్లు పూడ్చి, గడ్డి చెక్క మళ్లీ పైన అతికించి కాలితో నొక్కాలి. అది చూడకుండా ఆంటీ ఎవర్నీ కదలనిచ్చేది కాదు. చిత్రమేమిటంటే, కాఫీ తాగేటప్పుడు వాళ్లు దొరికిన వస్తువుల గురించి మాట్లాడుకునేవాళ్లు కాదు. మాటలన్నీ జంతువులవే. చెరువుకి శాండ్‌హిల్ కొంగలు ఎప్పుడొచ్చాయి, అడవికోళ్లు ఎవరి కారుకి అడ్డం నిలబడ్డాయి, ఆ మంచులో జాడ కుక్కదా, కయోటీ అనే చిన్న తోడేలుదా. అందరికంటే బాగా తెలిసినవాడు డీన్. ట్రక్కులు నడిపి రిటైరైన భారీ మనిషి. అడుగుజాడ చూసి ఏ జంతువో, ఎంతసేపటి క్రితం వెళ్లిందో చెప్పేవాడు. ఆంటీకి అతనంటే చాలా ఇష్టం.

మే నెలలో ఒక పొలం గట్టున డీన్‌కి నక్క బొరియ కనబడింది. లోపల నాలుగు పిల్లలు. సంబరం పట్టలేక ఫొటోలు తీసి, చోటుతో సహా, ఊరివాళ్ల ఆన్‌లైన్ గ్రూపులో పెట్టేశాడు. వారం తిరిగేసరికి కెమెరాలతో, కుక్కలతో జనం. బెదిరిపోయిన తల్లినక్క పిల్లల్ని తీసుకుని తరలిపోతుంటే, ఒక పిల్ల రోడ్డు మీద కారు కింద పడి చచ్చిపోయింది. మరుసటి శనివారం డీన్ రాగానే ఆంటీ, అందరి ముందూ, "నలుగురూ మెచ్చుకోవాలని పెట్టావు. ఆ పిల్ల చావు నీదే" అంది. డీన్ వెనక్కి తిరిగాడు. డిటెక్టర్ పికప్ ట్రక్కులో పడేసి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఆ వేసవంతా ఆంటీ అతని పేరు ఎత్తలేదు గానీ, ప్రతి శనివారం పార్కింగ్ వైపు రెండు మూడుసార్లు చూడడం నేను గమనించాను.

జనవరి ఒకటిన ఆ గుంపుకి ఒక ఆనవాయితీ ఉంది. నేల గడ్డకట్టి ఉంటుంది కాబట్టి తవ్వకాలు లేవు. చెరువు దగ్గర కలిసి, ఒకరికొకరు శుభాకాంక్షలు చెప్పుకుని, పక్షుల్ని చూస్తూ నడుస్తారు. ఆ మరుసటి జనవరి ఒకటిన పొద్దున్నే ఆంటీ ఫోన్ చేసింది. "మాధవీ, ఒక గంట ముందు రా. ఒకచోటికి వెళ్లాలి." వెళ్లేసరికి బెల్లంపాకం గవ్వలు నింపిన డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. డీన్ ఇంటికి డ్రైవ్ చేయమంది.

"మీరన్నది నిజమే కదా ఆంటీ, మీరెందుకు వెళ్లడం?" అన్నాను.

"నిజమే. కాదన్నానా?" అని కిటికీలోంచి మంచుకేసి చూసింది. "ముప్పై ఏళ్లు రిపోర్టులు రాశాను. ఎంత చెడ్డ రిజల్టయినా హాస్పిటల్ నడవాలో నిలబడి అరిచి చెప్పామా? తలుపేసి, కూర్చోబెట్టి చెప్పేవాళ్లం. ముక్కూ ముఖం తెలియనివాళ్లకి ఇచ్చిన ఆ మర్యాద నేను డీన్‌కి ఇవ్వలేదు."

డీన్ సాక్సులతో వచ్చి తలుపు తీశాడు. ఆంటీ గుమ్మంలోనే నిలబడి, "హ్యాపీ న్యూ ఇయర్, డీన్. నక్కల విషయంలో నా మాట మారలేదు. అందరి ముందు నిన్ను అలా అనడం నా తప్పు. క్షమించమని అడగడానికి వచ్చాను" అంది. అతను ఆవిడ బూట్లకేసి చూశాడు. ఆ తరవాత మెల్లగా చెప్పాడు. "ఆ పిల్లను నేనే పూడ్చిపెట్టాను. గ్రూపులోంచి ఫొటోలు అంతకుముందే తీసేశాను. అది చెబుదామనే ఆ శనివారం వచ్చాను."

ఆంటీ గవ్వల డబ్బా అతని చేతుల్లో పెట్టింది. "తెలియలేదు డీన్" అని మాత్రం అనగలిగింది. "నువ్వు చెప్పేదాకా ఆగలేదు నేను."

"లోపలికి రండి, కాళ్లు గడ్డకడతాయి" అన్నాడతను. వంటింట్లో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాడు, గవ్వ ఒకటి నోట్లో వేసుకుని, బాగుందన్నట్టు ఇంకో రెండు తీసుకున్నాడు. కాస్త తటపటాయించి, ముందుకు వంగి, "మొన్న వాగు పక్కన మంచులో తల్లినక్క జాడ చూశాను" అని గుసగుసగా చెప్పబోయాడు. ఆంటీ చటుక్కున చెయ్యెత్తి, "ఎక్కడో నాకు కూడా చెప్పకు!" అంది. ఇద్దరూ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. ఆ పొద్దున డీన్ మాతోనే చెరువుకి వచ్చాడు. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు. ఒకాయన అతని భుజం తట్టి, "సమయానికి వచ్చావు, ఈ జాడ ఏమిటో తేలక చస్తున్నాం" అని చెయ్యి పట్టుకు లాక్కెళ్లాడు.

తిరిగొచ్చేటప్పుడు కార్లో లత సంగతి ఆంటీకి చెప్పాను. అంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆవిడ సలహా ఇస్తుందని ఎదురుచూశాను. "తనే నీ పేరు ఇచ్చిందని నీకు తెలుసా, అనుకున్నావా?" అని మాత్రం అడిగింది. అనుకున్నానన్నాను. ఆంటీ తలూపింది.

ఆరోజు ధైర్యం చాలలేదు. నాలుగో తారీఖున లత ఇంటికి వెళ్లాను. గుమ్మంలోనే నా తప్పు ఒప్పుకున్నాను. లత ఏడ్చింది. "తీసేసేవాళ్ల లిస్టులో మొదట నా పేరే ఉందట మాధవీ. ఎందుకు మారిందో నాకిప్పటికీ తెలీదు. ఏ ముఖం పెట్టుకుని నీకు ఫోన్ చేయను?" అంది. మేము మునుపటిలా రోజూ మాట్లాడుకోవడం లేదు. కానీ తన కూతురి గ్రాడ్యుయేషన్‌కి వంటలో సాయం చేయడానికి ముందురోజే వెళ్లాను.

ఆ వసంతంలో నాకు వేరే ఉద్యోగం దొరికింది. ఇప్పుడు నా కింద ఆరుగురు పనిచేస్తారు. తప్పులు జరుగుతాయి, చెప్పకుండా ఊరుకోను. తలుపేసి చెప్తాను, చెప్పేముందు వాళ్లు చెప్పేది వింటాను. అన్నిసార్లూ కుదరదు. పోయిన నెల మీటింగ్‌లో అందరి ముందూ ఒకమ్మాయి మీద విసుక్కున్నాను. మర్నాడు ఆ అమ్మాయి కంటే ముందే ఆఫీస్‌కి వెళ్లి, తన కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసుకుని కూర్చున్నాను.