రెండు అర్రేలు, ఒక స్కూలు వ్యాను

నిరుడు బళ్లు తెరిచిన కొత్తలో, చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ పక్కనున్న మా చిన్న ఆఫీసులో కూర్చుని, బార్కస్‌లోని ఒక బడి వ్యానుకు యాప్ రాశాను. పిల్లలు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ మెడలోని కార్డును డ్రైవర్ ఫోనుకు చూపిస్తారు. ఎక్కినవాళ్ల నంబర్లు ఒక అర్రే, దిగినవాళ్లవి ఇంకో అర్రే. అర్రే అంటే విలువలను వరుసగా పేర్చుకునే డబ్బా. రెండూ సరిపోతే తెర మీద పచ్చ, లేకపోతే ఎరుపు, పైగా అలారం. మూసేసిన వ్యానులో, ఎండలో, ఏ పిల్లా నిద్రపోతూ మిగిలిపోకూడదని ఈ తంటా అంతా.

ఆఫీసులో పచ్చ వెలిగింది. వ్యానులో మాత్రం రోజూ ఎరుపే. డ్రైవర్ యూసుఫ్ చాచాది మా నాన్న వయసు. వారానికే ఫోన్ చేశాడు.

"ఏంది బేటీ గీ లొల్లి? పిల్లలందరు దిగిండ్రు, గిదేమో ఒకటే మొత్తుకుంటది. దినాం ఎన్క సీటు దాంక పోయి చూసొస్తున్న!"

"ఫికర్ చెయ్యకు చాచా, ఇయ్యాలనే ఠీక్ చేస్త."

కోడ్ చూసి తల బాదుకున్నాను. నేను యాప్ రాసిన కంప్యూటర్ భాష జావాస్క్రిప్ట్‌లో రెండు అర్రేలు సమానమా అని అడిగితే, ఆ మహాతల్లి లోపలి సరుకు చూడదు. రెండూ ఒకే డబ్బానా అని మాత్రమే చూస్తుంది. ఒకే కూర పెట్టిన రెండు టిఫిన్ డబ్బాలు దాని లెక్కలో వేరువేరు. టెస్టింగ్‌లో నేను ఒకే అర్రేకు రెండు పేర్లు పెట్టి చూశాను, అందుకే పచ్చ వెలిగింది. ఎక్కిన వరుసలోనే దిగరు కాబట్టి, రెండింటినీ సార్ట్ చేసి, అంటే నంబర్ల క్రమంలో పెట్టి, ఒక్కో విలువనూ పోల్చేలా మార్చాను. మర్నాడు పొద్దున పచ్చ వెలిగిందని నా కంప్యూటర్‌లో కనిపించింది. హమ్మయ్య అనుకుని చాయ్ చెప్పాను. చాయ్ రాకముందే చాచా ఫోన్.

"బేటీ, పచ్చ చూపిచ్చింది. కానీ ఒక చిన్నపిల్ల ఎన్క సీట్ల పండుకునే ఉంది!"

"పిల్ల ఎట్లుంది చాచా?"

"మంచిగుంది. లేపితే నీళ్లడిగింది. దాని కార్డు వాళ్లన్న తాననే ఉండె. రెండూ వాడే చూపిచ్చి దిగిండు, చెల్లె ఎన్కనే వస్తదనుకున్నడంట."

"పచ్చ వచ్చినంక గూడ నువ్వెందుకు చూసినవ్?"

"అలవాటైంది గద! వారం దినాలు ఊకె తిప్పితివి."

ఫోన్ పెట్టేసి భోరున ఏడ్చాను. ఏడుపు మధ్యలో నవ్వూ వచ్చింది. ఈసారి నా కోడ్‌లో తప్పేమీ లేదు, రెండు అర్రేలూ నిజంగానే సమానం. అది పోల్చింది కార్డులనే అని నాకు తట్టలేదు, అంతే. ఆ సాయంత్రమే వెళ్లి చివరి సీటుకు ఒక స్టిక్కర్ అంటించాను. అర్రేలు సరిపోయినా సరే, డ్రైవర్ అక్కడిదాకా నడిచి దాన్ని స్కాన్ చేస్తేనే పచ్చ వెలుగుతుంది.

లెక్క సరిపోయినంత మాత్రాన అందరూ క్షేమంగా దిగినట్టు కాదు. ఈ సంగతి నాకు ఒక పసిపిల్ల ప్రాణం మీదికి రాకుండానే తెలిసింది. ఇంతకంటే అదృష్టం ఏం కావాలి నాకు!