వెనక తలుపు తాళం చెవి

చర్చివాళ్లు కట్టించిన ఆ హాలు ఊరి చివర, బస్సు ఆగే మలుపు దగ్గర ఉంది. చర్చిలో ఆదివారం ఒక్కరోజే సందడి. హాల్లో మాత్రం వారమంతా మనుషులే. పొద్దున కుట్టు క్లాసు, మధ్యాహ్నం ముసలివాళ్ల కాలక్షేపం, మధ్యమధ్యలో కళ్ల డాక్టరో, టీకాలు వేసే నర్సో, ఎవరిదో పెళ్లో. వీటన్నిటినీ చూసుకునే మనిషిని ఊళ్లో తాళాలక్క అంటారు. నడుముకు వేలాడే తాళాల గుత్తి చప్పుడు ఆమెకంటే ముందు గదిలోకి వస్తుంది మరి.

భర్త పోయాక పాస్టరుగారు ఆమెకు ఆ పని ఇప్పించారు. కుర్చీలు వేయడం, తీయడం, కుట్టు మిషన్లకు నూనె పోయడం, వచ్చినవాళ్లకు మంచినీళ్లు పెట్టడం అన్నీ చక్కగా చేసేది. కానీ ఆమె పుట్టు పిరికిది. జనరేటర్ డబ్బుమంటే చెవులు మూసుకునేది. బల్లి కనిపిస్తే ఆ మూలకి వారం దాకా చీపురు వెళ్లేది కాదు. "మా కోడలు తన నీడకి కూడా దారిచ్చి పక్కకి తప్పుకుంటుంది" అని వాళ్ల అత్తగారు అందరితోనూ అనేది. అత్తగారికి చెవుడు. అందుకని ఆవిడ చెప్పే ప్రతి మాటా రోడ్డు దాకా వినిపించేది.

ఒక రోజు కుట్టు క్లాసు అయ్యాక అందరూ వెళ్లిపోయారు, ఒక్క ఎలక్ట్రీషియన్ భార్య తప్ప. మిషన్ ముందు తల వంచుకుని కూర్చుంది. గుడ్డ మీద సూది దిగలేదు.

"ఏమ్మా, ఇంటికెళ్లవా?"

"వెళ్లనక్కా."

తాళాలక్క నవ్వబోయింది. ఇంతలో ఆ అమ్మాయి చేతి మీద కప్పుకున్న కొంగు పక్కకి లాగింది. మోచేతి నుంచి మణికట్టు దాకా వాతలు. కొన్ని పాతవి, కొన్ని ఇంకా పచ్చివి.

"వైరుతో కొట్టాడు. ఈసారి చంపేస్తానన్నాడక్కా. అనడం కాదు, చేసేస్తాడు. నాకు తెలుసు."

ఆ మనిషి ఊళ్లో ప్రతి ఇంటికీ వైరింగు చేసినవాడు. హాల్లో ఏ స్విచ్చు ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలడు. చర్చి కమిటీవాళ్లకు చాలా కావలసినవాడు. నవ్వుతూ పలకరిస్తాడు. అలాంటివాడితోనా తను పెట్టుకునేది? 'అమ్మా, నాకెందుకమ్మా ఇదంతా' అనే మాట తాళాలక్క నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ వాతలు చూశాక అనలేకపోయింది. తన ఇల్లు వాళ్లింటికి ఎదురుగానే. అక్కడికి తీసుకెళ్లడమంటే అతని చేతిలో పెట్టడమే. అందుకని హాలు వెనక కుర్చీలు పేర్చే స్టోర్ గదిలో చాప వేసి, ఆ అమ్మాయిని కూర్చోబెట్టి, బయట తాళం వేసింది. వేస్తుంటే గుత్తి రెండుసార్లు కింద పడింది.

మర్నాడు మధ్యాహ్నం ముసలివాళ్లు కేరమ్స్ ఆడుతుండగా అతను వచ్చాడు. చేతిలో స్క్రూడ్రైవరు.

"ఏం అక్కా, ఫ్యాన్లు బాగానే తిరుగుతున్నాయా?"

"బాగానే ఉన్నాయి తమ్ముడూ."

"మా ఆవిడ నిన్న క్లాసుకి వచ్చిందిగా. తర్వాత కనపళ్లేదు."

"వచ్చింది... వెళ్లిపోయింది."

అతను తలూపాడు. తొందరేమీ లేనట్టు ఒక్కో స్విచ్చు బోర్డు దగ్గర ఆగుతూ, ఒక్కో ఫ్యాను వేసి ఆపుతూ వెనక్కి నడిచాడు. స్టోర్ గది ముందు నిలబడ్డాడు.

"ఇందులో లైటు ఆరి ఆరి వెలుగుతోందన్నావు కదా. తాళం తియ్యి, చూస్తాను."

"ఆ చెవి... నా దగ్గర లేదు."

గుత్తి ఆమె నడుముకే ఉంది. అతను దాని వంక చూశాడు, ఆమె వంక చూశాడు. తలుపు అవతల ఊపిరి చప్పుడు తాళాలక్కకు వినిపిస్తోంది, అతనికీ వినిపిస్తుందేమోనని ఆమె గట్టిగా దగ్గింది.

అప్పుడు కేరమ్స్ బల్ల దగ్గర్నుంచి తాళాలక్క అత్తగారు కేక పెట్టింది. "ఒరేయ్ నాయనా! ఆ పుల్లతో ఏం గుచ్చుతావు గానీ, ఇలా రా! నా చెవి మిషను కుయ్యి కుయ్యిమంటోంది, చూడు!"

పెద్దావిడ అందరి ముందూ పిలిచాక కాదనలేకపోయాడు. వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని బ్యాటరీ మార్చాడు. ఆవిడ "ఇంకా కుయ్యిమంటోంది" అంటూ ఎంతసేపటికీ వదల్లేదు. చివరికి లేచాడు. తాళాలక్క పక్కనుంచి వెళ్తూ నెమ్మదిగా అన్నాడు.

"సాయంత్రం వస్తానక్కా. జనరేటర్ కోసమని వెనక తలుపు చెవి ఒకటి నాకే ఇచ్చారు కదా. నువ్వు తియ్యక్కర్లేదులే."

ఆమెకు ఆ చెవి సంగతి అప్పటిదాకా గుర్తే లేదు. స్టోర్ గది ఆ తలుపు పక్కనే ఉంది, దాని తాళం స్క్రూడ్రైవరుతోనే ఊడొస్తుంది. రాత్రంతా ఆ అమ్మాయి అతని చేతికి అందేంత దూరంలోనే పడుకుందన్నమాట.

టౌన్లో ఉన్న పాస్టరుగారికి ఫోన్ చేసింది.

"అది సంఘం హాలమ్మా. మొగుడూ పెళ్లాల గొడవల్లో మనం తలదూరిస్తే ఎలా? ఇంటికి పంపించెయ్. ఆదివారం నేనొచ్చి మాట్లాడతాను."

"ఆదివారం దాకా ఆ పిల్ల బతికుండాలి కదండీ!"

అనేసి తనే ఉలిక్కిపడింది. పాస్టరుగారితో అంత గట్టిగా ఆమె ఎన్నడూ మాట్లాడలేదు. అటునుంచి ఫోన్ పెట్టేశారు.

ఆఖరి బస్సు అప్పటికే వెళ్లిపోయింది. ఇక దిక్కు తోచక, ఆమె హాలు మధ్యలో నిలబడి ముసలివాళ్లందరికీ ఉన్న సంగతి చెప్పేసింది. కొందరు గబగబా చెప్పులేసుకుని వెళ్లిపోయారు. రేపు మా ఇంట్లో ఫ్యూజు పోతే ఎవరొస్తారనుకున్నారో ఏమో. మిగిలినవాళ్లలో ఒకావిడ కుట్టు క్లాసు ఆడవాళ్లను పిలుచుకొచ్చింది. స్టోర్ గది ముందు కుర్చీలు వేసుకుని అందరూ కూర్చున్నారు.

చీకటి పడ్డాక వెనక తలుపులో చెవి తిరిగింది. తలుపు తెరుచుకోకముందే ఫ్యాన్లు ఆగిపోయాయి, లైట్లు ఆరిపోయాయి. బయటి గోడకున్న మెయిన్ స్విచ్చు ఆపేసి లోపలికి వచ్చాడు. ఎవరో సన్నగా ఏడ్చారు.

"తప్పుకో అక్కా."

తప్పుకోను అనాలనుకుంది. కాళ్లు ఎంత వణికాయంటే నడుముకున్న గుత్తి గలగలమంటూనే ఉంది. పారిపోదామనే అనుకుందట. కాళ్లు కదల్లేదు గనక నిలబడిపోయానని తర్వాత తనే చెప్పింది.

"ఎవడ్రా లైటు తీసింది?" అని అత్తగారు అరిచింది. ఆ అరుపుకి ఒకరు ఫోన్ లైటు వేశారు. తర్వాత ఇంకొకరు. ఆ వెలుగులో అతని చేతిలో చుట్ట చుట్టిన వైరు కనపడింది. అందరికీ కనపడింది.

స్టోర్ గది లోపలినుంచి తలుపు తట్టిన చప్పుడు. "తియ్యక్కా" అంది ఆ అమ్మాయి.

తాళాలక్క తీసింది. ఆ అమ్మాయి గడప మీద నిలబడి, అతన్ని చూడకుండా, కూర్చున్న ఆడవాళ్లనే చూస్తూ అంది. "నేను రాను. అందరూ వినండి. నేను ఇతనితో వెళ్లను."

అతను ఒక్కో మొహమూ చూశాడు. ఎవరి తలా కిందికి దిగలేదు. వైరు జేబులో కుక్కుకుని, వచ్చిన దారినే పోయాడు. పోతూ పోతూ తలుపును కాలితో తన్నాడు.

మర్నాడు మొదటి బస్సుకే తాళాలక్క ఆ అమ్మాయిని తీసుకుని వెళ్లింది. దారిలో పోలీసు స్టేషన్ దగ్గర దిగి ఫిర్యాదు ఇచ్చి, వాళ్ల పెద్దక్క ఇంట్లో దింపి వచ్చింది. ఇప్పుడా అమ్మాయి అక్కడే ఒక బట్టల కొట్టులో జాకెట్లు కుడుతోంది. అతన్ని పోలీసులు తీసుకెళ్లారు గానీ కొన్నాళ్లకే బెయిలు మీద తిరిగొచ్చాడు. కమిటీవాళ్లు చాలాసేపు వాదించుకుని, చివరికి హాలు తాళాలన్నీ మార్పించారు. పాస్టరుగారు తాళాలక్కను ఏమీ అనలేదు, మెచ్చుకోనూ లేదు.

హాలు నడుస్తోంది. ఫ్యాను ఆగితే పక్క ఊరినుంచి మనిషి రావాలి, అతను వచ్చేదాకా ఆడవాళ్లు ఉక్కలోనే కుడతారు. తాళాలక్కకు ధైర్యం వచ్చిందని అందరూ అంటారు. ఆమె మాత్రం ఒప్పుకోదు. సాయంత్రాలు రోడ్డు మీద ఆ అమ్మాయి మొగుడి బండి హాలు ముందుకొచ్చి నెమ్మదిస్తుంది. అప్పుడామె చేతిలోని పని ఆగిపోతుంది. ఆ చప్పుడు మలుపు దాటి పూర్తిగా వినపడకుండా పోయేదాకా ఊపిరి తీయదు.