రాజక్క, గ్యాస్ తొట్టి, పాత తొక్కు

ఇవాళ పొద్దున పక్కింటివాళ్లు పాత మామిడికాయ తొక్కు జాడీ మూత తీశారు. ఆ ఘాటుకు అందరికీ నోరూరుతుంది కాబోలు, నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. వెంటనే రాజక్క గుర్తొస్తుంది.

సిరొంచలో మా వాడకట్టు ఇళ్లన్నీ కలిసి ఒక గ్యాస్ ప్లాంటు కట్టుకున్నాం. ఇంటింటా మిగిలిన అన్నం, కూరలు తొట్టిలో వేస్తే పుట్టే గ్యాస్ తిరిగి మా పొయ్యిలకే వస్తుంది. దాన్ని చూసుకునే పని నాది. నన్ను చూసుకునే పని, ఎవరూ అప్పజెప్పకుండానే, రాజక్కది. వరి పండించే ఇంటి పెద్దామె. రోజూ గేటు దగ్గర నిలబడి ప్రతి బకెట్లో మోచేతిదాకా చెయ్యి పెట్టి, పనికిరానివి ఉంటే వెనక్కి పంపేది. నాకు తలకొట్టేసినట్టుండేది.

"ఏంది రాజక్కా, అందరి ఎంగిల్ల చెయ్యి పెడ్తవు? ఏమేమి ఎయ్యొద్దో బోర్డు రాసిపెట్టిన గద!"

"నీ బోర్డు బకెట్ల ఏమున్నదో చెప్తదా బిడ్డా? జర జరుగు."

ఒక ఎండాకాలం ఆమె కూతురింటికని పాతగూడెం పోయి వారం ఉంది. సరిగ్గా అప్పుడే కొత్త తొక్కు పెట్టే రోజులు. మా ఇళ్లల్లో పాత జాడీ ఖాళీ చేసి, కడిగి ఎండబెట్టందే కొత్తది పెట్టరు. తినే వస్తువు మురికి మోరీలో పోస్తే పాపమట, తొట్టిలో పోస్తే పుణ్యమట! అందరూ పోశారు. మొట్టమొదటి జాడీ మా అమ్మది, పోసింది నేను. కొంచెమే కదా అనుకున్నాను. ఆ పులుపుకూ ఉప్పుకూ గ్యాస్ పుట్టడం ఆగిపోయింది. వాడంతా పొయ్యిలు ఆరిపోయాయి. రాజక్క తిరిగొచ్చేసరికి మా జాడీ ప్లాంటు నల్లా పక్కనే బోర్లించి ఉంది. చూసింది. అది మా అమ్మదని ఆమెకు తెలుసు.

సాయంత్రం మీటింగులో ఒకరిమీద ఒకరు అరుచుకున్నారు. "ఇగ గిది మనతోని కాదు, తాళం ఎయ్యుండ్రి" అన్నాడొకాయన. అందరికన్నా గట్టిగా అరిచింది నేనే. "ఎన్నిసార్లు చెప్పాలె మీకు?"

రాజక్క లేచింది. "ముందుగాల పాత తొక్కు పోసింది నేనే. తప్పయింది. పెండ తెచ్చి కలుపుదాం, నాతోని ఎవరొస్తరు?"

వారమంతా ఆమె ఊళ్లోనే లేదని అందరికీ తెలుసు. ఒకామె లేచి, "మాది గూడ ఉన్నదక్కా" అంది. తర్వాత ఇంకొకరు. ఒక్కొక్కరే అందరూ ఒప్పుకున్నారు, నేను తప్ప. పేడనీళ్లు పోసి పోసి చాలా రోజులకు తొట్టిని బతికించుకున్నాం. తాళం పడలేదు.

రాజక్క చనిపోయే ముందురోజు కూడా మంచం పక్కనే కూర్చున్నాను. "అక్కా, ఆ మొదటి జాడీ మాదే" అంటే సరిపోయేది. అనలేదు. ఇప్పుడు ఆమెను ఎన్నడూ చూడని మీకు చెబుతున్నాను. ఏం లాభం?