కాలింది తియ్యకుండా వదిలేస్తారా?

మా వదిన మోటార్లకు వైండింగ్ కడుతుంది. షాపులో కిటికీ పక్క బల్ల ఆమెది, ఎదుటిది నాది. కాలిపోయిన మోటారు వస్తే మాడిన రాగితీగంతా కోసి, లాగి, గాడులు గీకి, అప్పుడు కొత్త తీగ చుడుతుంది. కాస్త మసి మిగిలినా ఊరుకోదు.

అలాంటి మనిషికి రొమ్ములో శనగగింజంత కేన్సర్ గడ్డ. డాక్టరమ్మ కోత పెట్టలేదు. మత్తిచ్చి, స్కాన్‌లో చూసుకుంటూ సన్నని సూది గుచ్చి, దాని మొన వేడితో గడ్డను మాడ్చేసింది. సాయంత్రానికి ఇంటిదారి పట్టాం.

"మాడ్చింది సరే, బయటికి తియ్యలేదేమే?" అంది వదిన ఆటోలో.

"ఒళ్ళే మెల్లగా కరిగించుకుంటుందట వదినా."

"ఏ మోటారైనా తన మాడిన తీగ తనే తింటుందా?"

నాకూ అర్థం కాలేదు.

తీగ బిగువు బొటనవేలితో నొక్కి చూడటం ఆమెకు అలవాటు. ఇప్పుడు పని మధ్యలో ఆ వేలు పైట కిందికి పోయేది. "ఇంకా ఉందే," అనేది. "నిన్నటికన్నా గట్టిపడింది." అది చచ్చిందో, బతికుందో! ఆ గొడవలో ఒకే మోటారుకు తీగ చుట్టడం, విప్పడం, మళ్ళీ చుట్టడం.

"కోసి తీయించేద్దాం," అన్నాడు అన్నయ్య.

"మరి సూదెందుకు గుచ్చించుకున్నట్టు?" అంది. నేను ఇద్దరికీ తలూపాను.

గడ్డ పెద్దదైందని వదిన ఏడ్చిన రోజున హాస్పిటల్‌కి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ స్కాన్ చేసింది. "గడ్డలోకి రక్తం పోవట్లేదు, మంచిదే. అయినా ముక్క తీసి పరీక్షకు పంపుతాను. చుట్టూ ఈ వాపేంటి? రోజూ నొక్కుతున్నారా?"

వదిన నా వైపు చూసింది. నేను గోడవైపు చూశాను. కానీ నోరాగలేదు. "రోజూనా? గంటకోసారి!"

"నీ నోరు పడ!" అంది వదిన.

బతికున్న కణం ఒక్కటీ లేదని రిపోర్టు వచ్చింది.

"చచ్చినదైతే ఇంకా ఇక్కడేం చేస్తోందే?" అంది వదిన.

మర్నాడు బల్ల దగ్గర మళ్ళీ ఆమె చెయ్యి పైట కిందికి పోబోయింది. మాడిన కాయిల్ ఒకటి ఆమె ఒళ్ళో పడేశాను. "నొక్కాలంటే దీన్ని నొక్కు."

నొక్కింది. "ఇది చచ్చిందని నాకొకరు చెప్పాలా?"

"మరి అది?"

"డాక్టరమ్మ చెప్పిందిగా," అంది, సగం నమ్మకంతో. కటింగ్ ప్లయర్ అందుకుంది. ఆ రోజు చుట్టిన తీగ మళ్ళీ విప్పలేదు.