అటకెక్కబోయిన గాలం

ఐర్లండ్‌లోని అత్లోన్ ఊళ్లో మా ఇంట్లో కార్తీకమాసం నెలంతా నీచు ముట్టం. ఆ నెల నా గాలానికీ ఉపవాసమే. అంతకుముందు వేసవంతా ఆదివారం వస్తే చాలు, సరస్సుకు పరుగు. ఒడ్డున రెల్లు పక్కన మెరిసే రేకు ఎర విసిరి గబగబా లాగితే, ఒంటిమీద చారలుండే పెర్చ్ చేపలు ఎగబడి పట్టుకునేవి. ఆ ఊపులో మా ఆవిడతో, "కార్తీకం వెళ్లాక మొదటి పులుసు నా గాలానికి పడ్డ చేపతోనే. షాపు చేపను గుమ్మం తొక్కనివ్వను" అనేశాను.

ఆవిడ గరిటె కింద పెట్టింది. "సరే, మూడు ఆదివారాలు చూస్తా. చేప రాలేదనుకోండి, ఆ గాలం కర్రలు అటకెక్కుతాయి. ఆదివారం నాకూ ఒక మొగుడు కావాలండీ."

అటకెక్కడమంటే మనం మాటవరసకు అంటాం. ఇక్కడ మా ఇంటికి నిజంగానే అటక ఉంది, నిచ్చెనతో సహా. వారమంతా మాస్కు వేసుకుని మందుల ఫ్యాక్టరీలో యంత్రాలు తనిఖీ చేసేవాణ్ణి. ఆ ఒడ్డున నిలబడితేనే ఊపిరి ఆడేది. అదీ పోతే ఇంకేముంది నాకు?

కార్తీకం వెళ్లిన మొదటి ఆదివారం అదే రెల్లు పక్కకు వెళ్లాను. నా పక్కన ఒక ఐరిష్ పెద్దాయన, ఎప్పుడూ అక్కడే కూర్చునే మనిషి, గాలం వేసుకుని ఉన్నాడు. "ఈ చోటు బాగుందా?" అని అడిగాను. "ఆహ్, యూ ఆర్ గ్రాండ్ దేర్" అన్నాడు.

మనకు గ్రాండ్ అంటే ఏమిటి? పెళ్లి గ్రాండ్‌గా చేశారంటే వెయ్యి మందికి విందన్నమాట. ఇక చేపల పంటే అనుకుని చీకటి పడేదాకా రేకు విసిరాను. ఒక్కటి పడితే ఒట్టు. రెండో ఆదివారమూ అంతే. భుజం లాగేసింది, ఒళ్లు మండింది. నేరుగా ఆయన దగ్గరికే వెళ్లి, "గ్రాండ్ అన్నారు కదా! ఏదీ చేప?" అని నిలదీశాను.

ఆయన పకపకా నవ్వాడు. "నువ్వు నాకు అడ్డం లేవు, అక్కడ నిలబడొచ్చు అన్నానయ్యా! నీ చేపల సంగతి నేనెక్కడ చెప్పాను?"

ఓరి నాయనో! ఒక్క మాటకు రెండు ఆదివారాలు బలిచ్చానా! నా మీద నాకే ఉక్రోషం వచ్చింది. నా మొహం చూసి జాలిపడ్డాడేమో, ఆయనే చెప్పాడు. నేను రాని ఆ నెలలో ఒడ్డున నాచు కుళ్లిపోయింది, చిన్న చేపలు లోతుకు దిగాయి, వాటి వెంట పెర్చ్ కూడా. చలి నీళ్లలో వాటికి బద్ధకం, పరిగెత్తే ఎరను తరమవు. "ఆ రేకు తీసేయ్. వానపాము గుచ్చు. పడవలు కట్టే చెక్క వంతెన చివర అడుగుకు దించు. లాగకు."

మూడో ఆదివారం వాన, గాలి. ఏదైతే అదైందని వెళ్లాను. ఎర అడుగుకు దించి కూర్చున్నాను. వేళ్లు కొంకర్లు పోయాయి. లాగాలని చెయ్యి జిలపెడుతోంది. లాగనుగాక లాగను, అని పళ్లు బిగబట్టాను. మధ్యాహ్నం దాటాక దారం కొంచెం బరువెక్కింది, అంతే. మెల్లగా ఎత్తితే అరచేయంత పెర్చ్. ఇక్కడి చట్టం ప్రకారం పెద్దవి మళ్లీ నీళ్లలో వదిలేయాలి, చిన్నవే ఇంటికి తీసుకెళ్లనిస్తారు కాబట్టి ఆ విషయంలో భయం లేదు. వానలో ఒంటరిగా నిలబడి కేక పెట్టాను.

ఆ ఒక్క చేపకే మా ఆవిడ చింతపండు నానబెట్టి, పెద్ద గిన్నెలో పులుసు కాచింది. ముళ్లు తీసి పెద్ద ముక్క నా కంచంలోనే వేసింది. పందెం గెలిచాను. కానీ ఆదివారం మొగుడు కావాలన్న మాట చెవిలోనే ఉంది. మూడు వారాలుగా చేప ఎక్కడికి పోయిందో వెతికాను కానీ, ఈ మనిషి ఆదివారాలు ఎలా గడుపుతోందో ఒక్కసారీ అడగలేదు.

"కర్రలు నేనే అటక మీద పెట్టేస్తాలే" అన్నాను.

"అక్కర్లేదు. యూ ఆర్ గ్రాండ్" అంది, పెద్దాయన సంగతంతా నా నోటే విన్న మా ఆవిడ.

"ఏ గ్రాండు? మనదా, వీళ్లదా?"

"వీళ్లదే. వచ్చే ఆదివారం నేనూ వస్తా, నాకూ ఒక కర్ర పట్టుకోండి."